ఆకుముడి వేసిన ఫోన్లు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్ల వెనక కిరాయి ఇంట్లో ఉండి, పొద్దున్నే బస్సెక్కి జూలూరుపాడు దాకా, అక్కడినుంచి స్కూటీ మీద అడవి అంచున ఉన్న ఒక కోయగూడేనికి రోజూ వెళ్ళి వచ్చే ప్రైమరీ టీచర్ని నేను. ఒకటి నుంచి ఐదు తరగతులు, పందొమ్మిది మంది పిల్లలు, రెండు గదులు. రెండో టీచర్ డిప్యుటేషన్ మీద వేరే బడికి పోయాక పాఠాలు, ప్రార్థన, మధ్యాహ్న భోజనం, గేటు తాళం, అన్నీ నా నెత్తిన పడ్డాయి.

ఆ ఏడాది బడికి నాలుగు ట్యాబ్‌లు, గోడకు ఒక పెద్ద టీవీ వచ్చాయి. వాటితోపాటు నాకు రెండు రోజుల శిక్షణ, చేతికో పుస్తకం ఇచ్చారు. పుస్తకం అట్ట మీద ‘డిజిటల్ పౌరసత్వం’ అని ఉంది. చిన్నపిల్లలకు ఫోన్ మర్యాదలు నేర్పాలన్నమాట. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు, తెలియనివాళ్ళతో మాట్లాడవద్దు, ఎదుటివాళ్ళ అనుమతి లేనిదే ఫొటో తీయవద్దు. వాటిని రంగు స్కెచ్ పెన్నులతో చార్టు మీద అందంగా రాసి గోడకు అంటించాను. పిల్లలు రోజూ ఎక్కాల్లాగా అప్పజెప్పేవాళ్ళు. ఒకటో తరగతివాడు ‘అనుమతి’ అనే మాట నోరు తిరక్క ఊపిరి బిగబట్టి మరీ అనేవాడు. దాని అర్థం వాళ్ళలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసనుకున్నాను.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లిదండ్రులు మిరప కోతలకు దూరపు ఊళ్ళకు పోతే నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేది. ఇంట్లో మాట్లాడేది కోయభాష. తెలుగు బడికొచ్చాకే చెవిన పడింది. మూడో తరగతి అయిపోయినా అక్షరాలు చూస్తే తల దించుకునేది. దసరా సెలవుల తర్వాత రోజూ బడి విడిచాక ఒక అరగంట దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. డిసెంబరు వచ్చేసరికి రెండు వాక్యాలు చదివింది. వేలు అక్షరం కింద పెట్టి, ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ మొదటికి పోయి, ఆ రెండు వాక్యాలకు నిమిషంన్నర తీసుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

పిల్లలు చదువుతున్నట్టు రుజువుగా వీడియో పంపమని ఆ నెల పైనుంచి ఆర్డరు వచ్చింది. ఫోన్‌ను హాజరు పట్టీకి ఆనించి పెట్టి, ఆ పిల్ల అలా చదువుతుండగా తనకు తెలియకుండానే తీశాను. తెలిస్తే బిగుసుకుపోతుందని. వెనక గోడ మీది నా చార్టు కూడా వీడియోలో పడింది, ‘అనుమతి లేనిదే ఫొటో తీయవద్దు’ అన్న అక్షరాలతో సహా. ఆ సంగతి తర్వాత ఎవరో చెప్తే గానీ నేను చూసుకోలేదు.

మా టీచర్ల గ్రూపులో దాన్ని పెట్టి కింద గొప్పగా రాసుకున్నాను కూడా: ‘మూడు నెలల క్రితం ఈ పాపకు అక్షరం రాదు.’ చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ చప్పట్లు చూసుకుంటూ మురిసిపోతూ ఇల్లు చేరాను.

ఆ గ్రూపులోంచి వీడియోను బయటికి ఎవరు తీసుకుపోయారో ఇప్పటికీ తెలియదు. నేను రాసింది తీసేసి, ‘నాలుగో తరగతి చదువు చూడండి, సర్కారు బడి ఘనత’ అని రాసి, పడీపడీ నవ్వే బొమ్మలు తగిలించి ఊళ్ళ మీదికి వదిలారు.

గూడెంలో ఫోన్ ఎక్కడైనా మోగుతుంది గానీ వీడియోలు దిగే సిగ్నల్ ఒక్కచోటే వస్తుంది, మంచినీళ్ళ ట్యాంకు కింద సిమెంటు గద్దె మీద. అందుకే అక్కడ ఒకరి ఫోన్‌కు వచ్చింది పదిమందీ చూస్తారు. ఆ పిల్ల బిందె పట్టుకుని నీళ్ళకు పోయేసరికి కుర్రాళ్ళు గద్దె మీద కూర్చుని అదే చూస్తున్నారు. ఒకడు అచ్చం దానిలాగే గాలిలో వేలు పెట్టి, ముక్కు ఎగబీల్చి చూపించాడట. అందరూ నవ్వారట. పిల్ల బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. జ్వరమా అని పిల్లలను అడిగాను.

"జ్వరం కాదు టీచర్. ట్యాంకు కాడ ఆమె వీడియో వచ్చింది. అందరు నవ్విన్రు. ఇగ బడికి రాదంట," అంది మూడో తరగతి పిల్ల.

"ఎవరు తీసిన్రు వీడియో?" అని గద్దించాను. కోపం నెత్తికెక్కింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి రెండో తరగతివాడు మెల్లగా చెయ్యెత్తి బల్ల మీదున్న నా ఫోన్ వైపు వేలు చూపించాడు.

భూమి చీలితే దిగిపోదామనిపించింది. గ్రూపులో అందరినీ కడిగేశాను. ఒక తోటి టీచర్ ఫోన్ చేసి, "లైట్ తీస్కోండి మేడం, రెండ్రోజులైతే ఎవ్వరికి యాదుండదు," అన్నాడు. మధ్యలోనే ఫోన్ కట్ చేశాను. ఆయనకు తెలియనిది నాకు తెలుసు. ఆ గూడెంలో నాలుగో తరగతిలో బడి మానేసిన ఆడపిల్ల మళ్ళీ పుస్తకం పట్టగా నేను చూడలేదు. అప్పుడు మిరప కోతలు మొదలవుతున్నాయి. కూలీలను ఎక్కించుకుపోయే ట్రాలీలు తెల్లారకముందే వస్తాయి. పెద్దవాళ్ళ మధ్య ఒక చిన్నపిల్ల ఒదిగి కూర్చుంటే ఎవరూ అడగరు. వారం పది రోజులు దాటితే ఆ పిల్ల ఇక బడికి దక్కదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నాయనమ్మ వాకిట్లో కట్టెల మోపు విప్పుతోంది. లోపల పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుంది. పిలిస్తే పలకలేదు.

"అవ్వా, పిల్లను బడికి పంపు. నేను చూసుకుంట," అన్నాను.

"ఏం చూసుకుంటవు పంతులమ్మా?" అంది అవ్వ తలెత్తకుండానే. "నువ్వు చూసినవు, ఊరందరికి చూపెట్టినవు. ఇంకేం చూస్తవు?"

నేను మంచికే చేశానని చెప్పబోయాను. అవ్వ వినలేదు. మోపు మీది నుంచి వాడిపోయిన ఆకుల ముడి ఒకటి తీసి నా ముందు పెట్టింది. రెండు ఆకుకొమ్మలు కలిపి నారతో కట్టిన ముడి.

"గిదేందో ఎరుకేనా?"

తెలియదన్నాను.

"అడవిల కట్టెలు కొట్టి కుప్పేస్తం. ఒక్కనాడే మోసుకరాలేం గద. కుప్ప మీద గీ ముడి పెట్టి వస్తం. నెల దినాలైనా గా కుప్పను ఎవ్వరు ముట్టరు. పొయ్యిల కట్టె లేనోళ్ళు గూడ ముట్టరు. కావాలంటే ఇంటికొచ్చి అడుగుతరు. ఇస్తే తీస్కపోతరు, ఇయ్యకుంటే ఉత్త చేతుల్తోని పోతరు." అప్పుడు తలెత్తి నన్ను సూటిగా చూసింది. "మరి నా మనుమరాలి మొఖం, దాని గొంతు, గవి ఎవ్వరియి? దాన్ని అడిగినవా?"

"అడగలేదు అవ్వా. తప్పయింది."

"నాకెందుకు చెప్తవు? దానికి చెప్పు."

గడప మీద కూర్చుని ఆ చిన్న వీపుతో చెప్పాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో పిల్లల చేత ‘తప్పయింది టీచర్’ అని ఎన్ని వందలసార్లు అనిపించి ఉంటానో. నేను ఒక పిల్లకు చెప్పడం అదే మొదలు. చాలా సిగ్గేసింది. పిల్ల మాత్రం ఇటు తిరగలేదు.

మర్నాడు పొద్దున బడి తెరవగానే చార్టు పీకేశాను. పిల్లలందరినీ ఒక్క గదిలో కూర్చోబెట్టి అడిగాను.

"అడవిల ఆకుముడి పెట్టిన కట్టెల కుప్ప కనపడ్డది. ఏం చేస్తరు?"

"ముట్టం టీచర్!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"ఎందుకు ముట్టరు?"

"మనది కాదు గద!" ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు నన్ను చూశారు.

"సరే. నేను నీ ఫొటో తీసిన. గా ఫొటో ఎవరిది?"

ఇక గోల మొదలైంది. ఫోన్ ఎవరిదైతే ఫొటో వాళ్ళదేనని ఐదో తరగతివాళ్ళు తేల్చేశారు. కొందరు టీచర్‌దన్నారు, ఎందుకైనా మంచిదని. అప్పుడు మూడో తరగతి పిల్ల లేచింది. "కుప్ప అడవిల ఉన్నా కట్టెలు కొట్టినోళ్ళదే గద టీచర్. గట్లనే ఫొటో ఎవ్వరి ఫోన్ల ఉన్నా మొఖం ఉన్నోళ్ళదే," అంది. రెండు రోజుల శిక్షణలో ఇంత తేటగా నాకెవరూ చెప్పలేదు.

ట్యాబ్‌లు ఇచ్చి ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాను. ఫొటో తీసే ముందు ‘తియ్యాల్నా?’ అని అడగాలి, అవతలివాళ్ళు సరే అనో వద్దు అనో చెప్పాలి. అడగడం వెంటనే పట్టుబడింది. వద్దనడమే ఎవరికీ రాలేదు. మొహం ముడుచుకుని కూడా సరే అనేస్తున్నారు.

అనుమానం వచ్చి మధ్యాహ్నం భోజనాల దగ్గర పరీక్ష పెట్టాను. ఆ రోజు గుడ్డు. వారానికి మూడుసార్లు పెట్టే ఆ గుడ్డు కోసమే పిల్లలు ఎదురుచూస్తారు. ఒక్కొక్కరి ముందుకు పోయి, "నీ గుడ్డు నాకిస్తవా?" అని అడిగాను. పద్దెనిమిది మందీ ఇచ్చేశారు. ఒకటో తరగతివాడు అప్పటికే కొరికిన గుడ్డును ఏడుపు మింగుకుంటూ చేతిలో పెట్టాడు. టీచర్ అడిగితే కాదనకూడదని వాళ్ళకు నేర్పింది నేనే. నా క్లాసులో క్రమశిక్షణ బాగుంటుందని పేరు తెచ్చుకున్నదీ అందుకే. గుడ్లన్నీ తిరిగి ఇచ్చేశాను. "ఇష్టం లేకుంటే వద్దు అనాలె. నేనడిగినా సరే, ఎవ్వరడిగినా సరే," అని చెప్పాను.

రెండో గుడ్డు రోజు సగం మంది వద్దన్నారు. మూడో గుడ్డు రోజు నాకు ఒక్కటీ దక్కలేదు. ఒకటో తరగతివాడైతే నన్ను దూరం నుంచి చూడగానే కంచం వీపు వెనక దాచుకుని, "వద్దు టీచర్, వద్దు!" అని అరిచాడు. అన్నం ఒలికిపోయింది. నా మాట కాదన్నందుకు పిల్లలను నేను మెచ్చుకున్నది నా సర్వీసులో ఆ ఒక్క రోజే.

ఆ వారమంతా సాయంత్రాలు అవ్వ వాకిటికి పోతూనే ఉన్నాను. పిల్ల వీపు తప్ప మొహం కనిపించలేదు. వచ్చే వారం కోతలకు తన వెంట తీసుకుపోతానని అవ్వ అంది.

సోమవారం బడికి వచ్చేసరికి గేటు దగ్గర గూడెం సగం నిలబడి ఉంది. ముందు ఊరి పెద్దాయన ఉన్నాడు.

"ఏం సదువు చెప్తున్నవు టీచరమ్మా?" అని అందుకున్నాడు. "నా ఫోన్ నేను ముట్టొద్దంట! నిన్నటి సంది మోగుతనే ఉన్నది. నా మనుమడు కట్టె పట్టుకొని కాపలా కూసున్నడు!"

ఏమైందంటే, పిల్లలు ఆదివారం పొద్దున్నే గూడెంలోని ఫోన్లన్నిటికీ ఆకుముళ్ళు కట్టేశారు. ఛార్జింగ్‌కు పెట్టినవాటికి, దండెం మీది చొక్కాల జేబుల్లో ఉన్నవాటికి, నిద్రపోతున్నవాళ్ళ దిండ్ల కిందివాటికి, దేన్నీ వదల్లేదు. ఫోన్లలో మనుషుల మొహాలు ఉన్నాయి కాబట్టి ముడి ఉండాలని వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు. ముడి ఉన్నదాన్ని ముట్టకూడదు కాబట్టి ఫోన్ గలవాళ్ళను కూడా ముట్టనివ్వలేదు. ముడి కట్టినవాళ్ళే విప్పాలన్నది అడవి పద్ధతి. పెద్దవాళ్ళు తిట్టారు, మొత్తుకున్నారు, కానీ పిల్లలు కట్టిన ముడి విప్పడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఇంకో ఊళ్ళో అయితే ఒక్క గుంజు గుంజి ఫోన్ ఎత్తేవాళ్ళు.

నాకు నవ్వు ఆగలేదు. పెద్దాయనకు ఇంకా మండింది. నవ్వాపుకుని అక్కడే గేటు దగ్గర అందరికీ జరిగిందంతా చెప్పాను. వీడియో దొంగచాటుగా తీసింది నేనేనని, దానివల్ల ఒక పిల్ల బడి మానేసిందని, దాన్ని చూసి నవ్విన ప్రతివాళ్ళూ ముడి ఉన్న కుప్పలోంచి కట్టె లాగినట్టేనని చెప్పాను. పెద్దాయన కుర్రాళ్ళ వైపు తిరిగాడు.

"ఎవ్వని ఫోన్ల ఉన్నదిరా గా వీడియో?"

"గది తీసేస్తమంటెనే ముడి విప్పుతం," అంది మూడో తరగతి పిల్ల. ఆ మాట నేను నేర్పలేదు.

కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. పిల్లలు ముడి విప్పడం, కుర్రాడు వీడియో తీసేయడం, వెంటనే పిల్లలు ఫోన్ లాక్కుని చెత్తబుట్టలో కూడా వెతకడం. తీసేసింది చెత్తబుట్టలో దాక్కుంటుందని శిక్షణ పుస్తకం చూసి నేను చెప్పింది వాళ్ళు మరిచిపోలేదు. వేలు పెట్టి వెక్కిరించిన కుర్రాడు అందరికంటే చివర వచ్చాడు. తల దించుకుని వీడియో తీసేసి, నేరుగా ట్యాంకు దగ్గరికి పోయి, అక్కడ పడి ఉన్న పిల్ల బిందెను కడిగి, నీళ్ళు నింపి, భుజాన పెట్టుకుని అవ్వ ఇంటికి నడిచాడు.

పిల్లలు అక్కడితో ఆగలేదు. రోడ్డు మీది కిరాణా కొట్టుకు బయల్దేరారు. కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబానిది ఆ కొట్టు. గూడెంలో చాలామంది వాళ్ళ తోటల్లోనే పనికి పోతారు. పెద్ద షావుకారు మంచివాడే గానీ, ఆ వీడియో కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించాడు. ఏమంటాడో ఏమోనని నేను వెనకాలే పరిగెత్తాను.

"ఏంటర్రా, దండు కట్టి వచ్చారు? బిస్కెట్లు కావాలా?" అన్నాడాయన.

"వద్దు తాతా," అన్నాడు ఒకటో తరగతివాడు. వద్దనడం వాడికి బాగా అలవాటైపోయింది.

"నీ ఫోన్ల మా అక్క వీడియో ఉన్నది. గది నీది కాదు. తీసెయ్యి," అంది మూడో తరగతి పిల్ల.

ఆయన నవ్వబోయి నన్ను చూశాడు. "ఏంటండీ టీచర్ గారూ ఇది? ఊళ్ళన్నీ తిరుగుతోంది కదండీ అది. నా ఒక్కడి దగ్గర తీసేస్తే ఆగిపోద్దా?"

నాకు మాట నోటిదాకా వచ్చింది. ఈలోపే ఆ పిల్ల అనేసింది. "నీ కాడ ఆగుతది గద తాతా."

ఆయన మొహంలో నవ్వు పోయింది. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీశాడు. వీడియో తీసేశాడు. తర్వాత ఎవరూ అడగకుండానే, తాను పంపినవాళ్ళందరికీ తన గొంతుతో రికార్డు చేసి పంపాడు. ‘ఆ పాపని అడక్కుండా తీసిన వీడియో అండీ అది, మీరూ తీసెయ్యండి’ అని. నేనూ అక్కడే నిలబడి మా గ్రూపులో రాశాను, పిల్ల బాగా చదివింది, తప్పు నాది అని. అన్ని ఫోన్లలోంచీ అది పోయిందని చెప్పను. ఎక్కడో ఎవరి దగ్గరో ఉండే ఉంటుంది. మా గూడెంలో మాత్రం లేదు.

మర్నాడు ప్రార్థన వేళకు ఆ పిల్ల వచ్చింది. జడలు బిగించి వేసింది అవ్వ. నేరుగా నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"నీ ఫోన్ల ఉన్నదా టీచర్?"

"ఉన్నది."

"ఇయ్యి."

ఇచ్చాను. వీడియో మొదటినుంచి చివరిదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. తర్వాత నా మొహంలోకి చూసి, "నేను మంచిగనే సదివిన గద టీచర్," అంది.

"మంచిగ చదివినవు బిడ్డా."

అప్పుడు తన వేలితోనే తీసేసింది. చెత్తబుట్టలో కూడా చూసి తీసేసింది. పిల్లల ముందు నేను ఏడవను. ఆ రోజు ఏడ్చాను.

ఫిబ్రవరి చివర్లో బడి చూడటానికి ఒక ఆఫీసర్ వచ్చారు. ఆ వీడియో ఆయన దాకా కూడా పోయిందట. కూర్చోగానే, "ఆ నాలుగో తరగతి పాప ఎవరు?" అని అడిగారు. ఇప్పుడీ పిల్ల మళ్ళీ గోడ వైపు తిరిగితే ఇక నా వల్ల కాదు.

"నేనే సార్," అని లేచి నిలబడింది.

"ఒక పాఠం చదువమ్మా, చూద్దాం," అంటూ ఆయన జేబులోంచి ఫోన్ తీసి పైకెత్తారు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అందరం చేసే పనే.

పిల్ల పుస్తకం తెరవలేదు. "సార్, అడగాలె," అంది.

"ఏం అడగాలి?"

"వీడియో తియ్యాల్నా అని నన్ను అడగాలె."

ఆయన నన్ను చూశారు. ఆయనకు సరదా వేసినట్టుంది, చిరునవ్వుతో, "సరే, తియ్యమంటావా?" అని అడిగారు.

"వద్దు," అంది.

ఒక్క మాట. భయం లేదు, పొగరు లేదు. ఆయన మళ్ళీ నన్ను చూశారు, ఈసారి నవ్వు లేకుండా. నాకు మెమో కళ్ళముందు కనిపించింది. అయినా నోరు విప్పాను. "వద్దంది సార్."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పిల్ల పుస్తకం తెరిచింది. వేలు అక్షరాల కింద పెట్టలేదు. మొదటి వాక్యం మెల్లగా, రెండోది కొంచెం గట్టిగా, తర్వాత గది దాటి వరండాలోకి వినబడేలా చదివింది. రెండుచోట్ల ఆగింది. ఆగినచోట ఎవరూ నవ్వలేదు, అందివ్వలేదు. తనే దాటింది. పేజీ మొత్తం చదివింది. ఆఫీసర్ చప్పట్లు కొట్టబోయారు. పిల్ల ఇంకా పుస్తకం మూయలేదు. పేజీ తిప్పి, తలెత్తి ఆయన్నే అడిగింది.

"ఇంకోటి సదవాల్నా సార్?"